నల్లమలలో జంతువుల్ని, పిట్టల్ని చూడాలంటే: ఎప్పుడు, ఏ గేటు నుంచి, ఎలా

హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోతుంటే మన్ననూరు చెక్‌పోస్టు నుంచి దోమలపెంట దాకా, అటు మార్కాపురం వైపు నుంచి వస్తే దోర్నాల గేటు నుంచి శిఖరం దాకా, బస్సు పోయేదంతా పులులుండే అడవిలోంచే. ఏటా లక్షల మంది ఆ దారిన వెళ్తారు, రోడ్డు పక్కన కోతుల్ని చూసి తిరిగొస్తారు. "నల్లమలలో ఏముంది, ఏమీ కనపడదు" అని చెప్పేది ఎక్కువగా వీళ్లే. గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో, పాటలు పెట్టుకుని, మిట్టమధ్యాహ్నం పోతే ఏ అడవిలోనైనా ఏమీ కనపడదు.

ముందు ఒక లెక్క చెప్పాలి, లేకపోతే మీ ఆశలు ఎక్కడో ఉంటాయి. ఆంధ్రప్రదేశ్ వైపున్న నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం కోర్ (లోపలి ముఖ్య అడవి), బఫర్ (దాని చుట్టూ ఉన్న అంచు అడవి) కలిపి సుమారు 3,300 చదరపు కిలోమీటర్లు, దేశంలో ఇంతకంటే పెద్ద టైగర్ రిజర్వ్ లేదు. 1983లో టైగర్ రిజర్వ్ అయినప్పుడు రెండు వైపులా కలిపి ఒకటే, 2014లో రాష్ట్రం విడిపోయాక కృష్ణకి ఇవతల తెలంగాణ భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అయింది, అది ఇంకో 2,611 చదరపు కిలోమీటర్లు. ఇంత అడవి ఉండీ 2022 లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ మొత్తానికి 63 పులులు, తెలంగాణ మొత్తానికి 21. అదే ఏడాది మధ్యప్రదేశ్‌లో 785. అందుకే తడోబాలోనో కన్హాలోనో నాలుగు సఫారీలకి రెండు పులులు చూసొచ్చిన వాళ్లు ఇక్కడికొచ్చి అదే లెక్క వేసుకుంటే నీరసపడతారు. పైగా ఇక్కడ భూమి చదునుగా ఉండదు. ఎత్తుపల్లాలు, లోయలు, వెదురు పొదలు, నడుమెత్తు బోదగడ్డి. పులి యాభై అడుగుల దూరంలో పడుకుని ఉన్నా జీపులో ఉన్న మీకు తెలియదు.

ఇది చదివి మానుకోవద్దు. పులి ఒక్కటీ కనపడకపోయినా చిరుత, ఎలుగుబంటి, రేచుకుక్కలు, కణితి (సాంబర్ జింక), దుప్పి, మనుబోతు, కొండగొర్రె, అడవిపంది, బెట్టుడత, ముళ్లపంది, అలుగు, కృష్ణలో మొసళ్లు, నీటికుక్కలు, ఇవన్నీ ఉన్న అడవి ఇది. పిట్టల సంగతైతే చెప్పక్కర్లేదు. ఎలా చూడాలో తెలియాలి, అంతే.

ఎప్పుడు వెళ్లాలి

జంతువుల కోసమైతే మార్చి నుంచి మే చివరి దాకా. ఎండ మాడ్చేస్తుంది, అయినా అదే సీజన్. నల్లమల ఆకు రాల్చే అడవి. ఫిబ్రవరికల్లా చెట్లు బోసిపోయి చూపు దూరం పోతుంది, వాగులు ఎండిపోయి జంతువులన్నీ మిగిలిన నీళ్ల దగ్గరికే వస్తాయి. ఫారెస్టు వాళ్లు వేసవిలో ట్యాంకర్లతోనో సోలార్ బోర్లతోనో నింపే సాసర్ పిట్లు ఉంటాయి, పళ్లెంలా పల్చగా కట్టిన సిమెంటు గుంటలు. సాయంత్రం నాలుగున్నర తర్వాత వాటి దగ్గర మీ జీపు ఇరవై నిమిషాలు ఆగిందంటే, పది కిలోమీటర్లు తిరిగినదానికంటే ఎక్కువ చూస్తారు. డ్రైవర్లు ఆగడానికి ఇష్టపడరు, వాళ్లకి రూటు పూర్తి చేయాలన్న తొందర ఉంటుంది. ఎక్కేముందే చెప్పండి, "అన్నా, మాకు తిరగడం వద్దు, నీళ్ల దగ్గర ఆపితే చాలు" అని. చాలామంది వింటారు.

పిట్టల కోసమైతే నవంబరు నుంచి ఫిబ్రవరి. చలికాలపు వలస పిట్టలు వచ్చి ఉంటాయి, పొద్దున తొమ్మిదిన్నర దాకా చెట్ల మీద హడావిడి తగ్గదు. రెండూ కావాలి, ఒక్కసారే వెళ్లగలను అంటారా, మార్చి మొదటి రెండు వారాలు ఎంచుకోండి. మోదుగలు పూసి ఉంటాయి, బూరుగ పూలు ఇంకా మిగిలి ఉంటాయి, ఇప్ప పూత మొదలవుతుంది. పూసిన మోదుగ చెట్టు కింద ఒక గంట కూర్చుంటే తేనెపిట్టలు, గోరింకలు, చిలుకలు, ఏట్రింతలు వరసగా వచ్చి పోతుంటాయి, మీరు ఎక్కడికీ నడవక్కర్లేదు.

వానాకాలం మూడు నెలలు, అంటే జూలై నుంచి సెప్టెంబరు దాకా, మామూలుగా సఫారీలు మూసేస్తారు. ఆ నెలల్లో ప్లాన్ చేసుకోకండి. ఇంకో మాట, మహాశివరాత్రి ముందు వారం, ఉగాది రోజులు వద్దు. ఆత్మకూరు దగ్గర వెంకటాపురం నుంచి నాగలూటి, పెచ్చెరువు మీదుగా వేల మంది కాలినడకన శ్రీశైలం పోతారు. అమ్రాబాద్ వైపు చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర. భక్తికి మంచి రోజులే, కానీ అంత మంది నడిచే చోటికి కణితి రాదు.

ఏ వైపు నుంచి

తెలంగాణ వైపు ఫర్హాబాద్. మన్ననూరు హైదరాబాద్‌కి సుమారు 140 కిలోమీటర్లు, అక్కడి నుంచి శ్రీశైలం రోడ్డు మీద కొంచెం ముందుకు పోతే ఫర్హాబాద్ గేటు, లోపల నిజాం కాలం నాటి వేట విడిది ఆనవాళ్లు, చివర లోయ మీదికి వ్యూ పాయింట్. హైదరాబాద్ వాళ్లకి ఇదే సులువు. అటవీశాఖ వాళ్లది బస, సఫారీ కలిపిన ప్యాకేజీ కూడా ఉంది. నా ఉద్దేశంలో మొదటిసారి వెళ్లేవాళ్లు, పిల్లలతో వెళ్లేవాళ్లు ఇక్కడి నుంచి మొదలుపెట్టడం మేలు. వ్యూ పాయింట్ దగ్గర ఎక్కువసేపు ఫొటోలకి నిలబడిపోకండి, దారిలోని గడ్డి మైదానాలే అసలు చోటు, దుప్పులు, మనుబోతులు అక్కడే మేస్తాయి.

ఆంధ్ర వైపు దోర్నాల నుంచి శ్రీశైలం పోయే దారిలో తుమ్మలబైలు, ఆత్మకూరు దగ్గర బైర్లూటి, నంద్యాల నుంచి గిద్దలూరు పోయే దారిలో పచ్చర్ల. మూడు చోట్లా అటవీశాఖ సఫారీలు ఉన్నాయి, బైర్లూటిలో రాత్రి ఉండటానికి కాటేజీలు, టెంట్లు కూడా. నన్నడిగితే బైర్లూటి. గుడికి పోయే జనం తాకిడి అక్కడ తక్కువ, క్యాంపు అడవిని ఆనుకునే ఉంటుంది కాబట్టి సఫారీ లేని సమయంలో కూడా పిట్టలు చూస్తూ గడపొచ్చు. తుమ్మలబైలు శ్రీశైలం యాత్రతో కలిపి చేసుకునేవాళ్లకి వీలు, ఆ లెక్కన రద్దీ కూడా ఉంటుంది. శ్రీశైలం నుంచి ఇష్టకామేశ్వరి అమ్మవారి గుడికి జీపులు పోతాయి, అది అడవి దారే గానీ దాన్ని సఫారీ అనుకోకండి. ఆ కుదుపులకి బైనాక్యులర్ కళ్ల దగ్గర నిలవదు.

బుకింగ్, రేట్లు మారుతుంటాయి. బయల్దేరే ముందు అటవీశాఖ వెబ్‌సైట్‌లో చూసుకుని, వీలైతే ఫోన్ చేసి, సఫారీ నడుస్తోందో లేదో అడగండి. పులి పిల్లల్ని వేసిందనో, అడవికి నిప్పు అంటుకుందనో ఒక్కోసారి రూటు మూస్తారు. మీకు కావాల్సింది మొదటి సఫారీ, తెల్లవారగానే గేటు తీసేది. పొద్దున ఎనిమిదింటి సఫారీ అంటే సగం పని అయిపోయాక ఆఫీసుకి పోవడం.

ఒక్క పూటకి మాత్రం వెళ్లకండి. కనీసం ఒక రాత్రి ఉండి, ఒక సాయంత్రం, ఒక పొద్దున సఫారీ చేయండి. కుదిరితే రెండు రాత్రులు. మొదటి పూట మీ చెవులు అడవికి అలవాటు పడటానికే సరిపోతుంది.

చెంచు గైడ్‌ని అడగండి

నల్లమల చెంచుల ఊరు. వాళ్ల పెంటలు, అంటే చిన్న గూడేలు, ఈ అడవి లోపలే ఉన్నాయి, అటవీశాఖ బేస్ క్యాంపుల్లో, వాచర్లుగా, ట్రాకర్లుగా చాలామంది వాళ్లే పనిచేస్తున్నారు. జీపులో మీతోపాటు చెంచు గైడ్ వస్తే ముందు సీట్లో కూర్చోబెట్టి, అతను చెయ్యెత్తగానే అందరూ నోరు మూసుకోవాలని మీవాళ్లకి ముందే చెప్పండి. "పులి ఎప్పుడు చూపిస్తావ్" అని అడిగితే పొడిపొడిగా జవాబిస్తారు, న్యాయమే. "ఈ రోజు పొద్దున ఏం అరిచింది? ఏ వాగులో అడుగులు పడ్డాయి?" అని అడగండి, అక్కడి నుంచి మాట సాగుతుంది. తేనె గురించి, ఎలుగుబంట్ల గురించి వాళ్లు చెప్పేది వినడానికే ఒక పూట కేటాయించొచ్చు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, పెంటలోకి పోయి అడక్కుండా ఫొటోలు తీయడం, పిల్లలకి బిస్కెట్లు పంచి వీడియో చేయడం దయచేసి వద్దు, మీ ఇంటికొచ్చి ఎవరైనా అలా చేస్తే ఊరుకోరు కదా.

చెవులతో వెతకడం

జంతువుని కళ్లతో వెతికేవాళ్లు ఆలస్యంగా చూస్తారు. పులి, చిరుత కదిలినప్పుడు మిగతా అడవి అరిచి చెబుతుంది, ఆ అరుపులు నేర్చుకుంటే సగం విద్య వచ్చినట్టే.

కొండముచ్చు చెట్టు కొమ్మ మీద నుంచి "ఖక్, ఖక్" అని దగ్గినట్టు అరుస్తుంది. పైన ఉంటుంది కాబట్టి ముందు చూసేది అదే. దుప్పిది సన్నగా, గట్టిగా, ఈల కోసినట్టు ఉండే అరుపు. దుప్పులు ఊరికే కంగారుపడే రకం, కుక్కని చూసినా నక్కని చూసినా అరుస్తాయి, కాబట్టి ఒక్క దుప్పి ఒక్కసారి అరిస్తే పట్టించుకోకండి. వదలకుండా రెండు మూడు నిమిషాలు అరుస్తూ, అన్నీ ఒకే వైపు చూస్తూ, ముందుకాలు నేలకేసి కొడుతుంటే మాత్రం ఇంజన్ ఆపించండి. కణితి అరిచిందంటే ఇంకా ఖాయం. అది గొంతులోంచి "ఢాంక్" అని ఒకే ముక్కగా వస్తుంది, లోయంతా వినిపిస్తుంది. కణితి ఊరికే అరవదు, కనపడకుండా పోయే దాకా పులిని చూస్తూ అరుస్తూనే ఉంటుంది. నెమలి, అడవికోడి ఒక్కసారిగా గోల పెట్టి ఎగిరితే అది కూడా గమనించాల్సిందే, కానీ వాటి మీద అంత నమ్మకం పెట్టుకోలేం.

అరుపు వినపడిందనగానే డ్రైవర్లు అటువైపు దూసుకుపోతారు. అది తప్పు పద్ధతి అని నా అభిప్రాయం. అరుపు ఏ వైపు నుంచి వస్తోంది, ఏ వైపుకి జరుగుతోంది అని ఒక నిమిషం విని, ఆ జంతువు రోడ్డు దాటే చోటు ఎక్కడ పడుతుందో ఊహించి, దానికి కాస్త ముందు, కాస్త దూరంగా ఆగి ఉండాలి. పులి తన దారిన తాను వస్తుంది. మీరు దానికి అడ్డంగా నిలబడితే గడ్డిలోకి దిగిపోతుంది.

అరుపులు లేనప్పుడు నేల చూడండి. మట్టి బాట మీద, వాగు ఇసుకలో అడుగులు పొద్దునపూట బాగా కనిపిస్తాయి, సూర్యుడు వాలుగా ఉంటాడు కాబట్టి అంచుల నీడ పడుతుంది. పులి, చిరుత నడిచేటప్పుడు గోళ్లు లోపలికి ముడుచుకుంటాయి, అడుగులో గోటి గుర్తు ఉండదు. రేచుకుక్క, తోడేలు, దుమ్ములగొండి అడుగుల్లో ఉంటుంది. పెద్దపులి అడుగు మీ అరచేయంత ఉంటుంది, చిరుతది దానిలో సగానికి కాస్త ఎక్కువ. వెనక కాలి అడుగు మనిషి పాదంలా పొడుగ్గా ఉండి, ముందు పొడుగాటి గోళ్ల గాట్లు విడిగా కనిపిస్తే అది ఎలుగుబంటి. అంచులు పదునుగా, మీద ఆకు గానీ పురుగు పాకిన గీత గానీ లేకుండా ఉంటే తాజాది. జీపు దిగి చూడాలని మనసు లాగుతుంది, దిగొద్దు, పైనుంచే కనిపిస్తుంది.

చెట్ల మొదళ్లు కూడా చూస్తూ పోండి. మనిషి ఎత్తుకి మించి నిలువునా పడిన గోటి గీతలు పులివి కావచ్చు. ఎలుగుబంటి తేనె కోసం ఎక్కిన చెట్టు మీద గీతలు కింది నుంచి పైదాకా ఉంటాయి. తవ్వి పోసిన చెదపుట్టలు ఎలుగుబంటి పనే. ఏప్రిల్, మే నెలల్లో బాట మీద దాని పెంట అంతా తునికి గింజలే. పులి తన సరిహద్దు చెట్ల మీద మూత్రం చిమ్ముతుంది, కొత్తదైతే బాస్మతి బియ్యం ఉడుకుతున్న వాసన వస్తుంది. అడవి మధ్యలో ఎవరో బిర్యానీ వండుతున్నారా అనిపిస్తే నవ్వకండి, గైడ్‌కి చెప్పండి.

ఎలుగుబంటికి, కొండగొర్రెకి, మూషిక జింకకి ఈ అరుపుల విద్య పనికిరాదు. కొండగొర్రె నాలుగు కొమ్ముల చిన్న జింక, ఒంటరిగానో జంటగానో ఉంటుంది, జీపు వినగానే పొదల్లోకి దూరుతుంది, గడ్డికీ చెట్లకీ మధ్య అంచుల్లో నెమ్మదిగా వెతకాలి. మూషిక జింక కుందేలంత ఉంటుంది, రాత్రుళ్లు తిరుగుతుంది, హైదరాబాద్ జూలో పెంచినవాటిని తెచ్చి అమ్రాబాద్ అడవిలో వదిలారు కూడా, అయినా సఫారీలో అది కనపడితే లాటరీయే.

పిట్టలు

పిట్టల దగ్గర ఆగడానికి నాకు మనసొప్పుతుంది, జంతువులు దొరకని రోజు కూడా ఇవి దొరుకుతాయి. బైనాక్యులర్ ఒకటి ఉండాలి. 8x42 అని రాసి ఉన్నది తీసుకోండి. 10 రెట్లు, 12 రెట్లు అని ఊరించేవి కదిలే జీపులో వణుకుతాయి. కెమెరా లేకపోయినా ఫర్వాలేదు, బైనాక్యులర్ లేకపోతే మాత్రం పిట్టలన్నీ నల్లటి చుక్కలే. ఫోన్‌లో మెర్లిన్ యాప్ వేసుకుని, భారతదేశానికి సంబంధించిన ప్యాక్ ఇంటి దగ్గరే డౌన్‌లోడ్ చేసుకోండి, లోపల సిగ్నల్ ఉండదు. అది కూత విని పేరు చెబుతుంది, కాకపోతే చెప్పిందల్లా నమ్మకండి, కళ్లతో చూశాకే రాసుకోండి. ఇంకో విషయం, ఫోన్‌లో పిట్ట కూత పెట్టి పిట్టని రప్పించడం అసలు వద్దు. గూడు పెట్టుకునే కాలంలో అది తన హద్దులోకి ఇంకొకటి వచ్చిందనుకుని పనులన్నీ మానేసి మీ చుట్టూ తిరుగుతుంది.

ఈ అడవిలో పిట్టలు ఒంటరిగా కంటే గుంపుగా దొరుకుతాయి. పది నిమిషాలు ఏమీ ఉండదు, ఉన్నట్టుండి ఒకే చెట్టు మీద ఎనిమిది రకాలు. పురుగుల వేటకి రకరకాల పిట్టలు కలిసి తిరుగుతాయి. గుంపుని పట్టడానికి ఏట్రింత జాతి పిట్టని చూసుకోండి, ముఖ్యంగా తోక చివర రెండు పొడుగాటి తీగలకి బిళ్లలు వేలాడినట్టుండే రాకెట్ టెయిల్ డ్రాంగో. మిగతావి కదిలించిన పురుగుల్ని అది గాల్లో పట్టుకుంటుంది కాబట్టి గుంపుతోనే ఉంటుంది, ఇతర పిట్టల కూతలు అచ్చంగా అనుకరిస్తుంది. అది కనపడిన చోట ఆగితే వడ్రంగి పిట్టలు, ఎర్రటి మినివెట్లు, చెట్టు కాండం మీద తలకిందులుగా దిగే నట్‌హాచ్, వంగపండు పిట్ట ఒక్కొక్కటిగా బయటపడతాయి.

మట్టి బాట మీద పొద్దున్నే అడవికోళ్లు కనిపిస్తాయి. నల్లమలలో ఉండేది బూడిదరంగు అడవికోడి, పుంజు మెడ మీద పసుపు, తెలుపు చుక్కలు మెరుస్తాయి. రాళ్లు, ముళ్లపొదలు ఉన్న చోట జిట్టకోడి ఉంటుంది, సిగ్గరి, రెండు సెకన్లలో మాయమవుతుంది. కౌజు, పూరేడు గడ్డి అంచుల్లో. కరెంటు తీగల మీద, ఎండు కొమ్మల మీద పాలపిట్ట ఎలాగూ కనిపిస్తుంది, తెలంగాణ రాష్ట్ర పక్షి కూడా అదే. అది కూర్చున్నప్పుడు మామూలుగా ఉంటుంది, ఎగిరే దాకా ఓపిక పట్టి రెక్కల నీలం చూడండి.

ఎక్కువమంది అడిగేది పొన్నంకి పిట్ట గురించి, ఇండియన్ పిట్టా అనేది. ఏడెనిమిది రంగులుంటాయి, తోక ఉందా లేదా అన్నట్టుంటుంది. చలికాలం దక్షిణాదిన, శ్రీలంకలో గడిపి ఏప్రిల్ చివర, మే నెలలో ఉత్తరానికి పోతూ మన అడవుల్లో ఆగుతుంది. చెట్ల మీద వెతికితే దొరకదు, చీకటి పొదల కింద ఎండుటాకులు తిరగేస్తూ నేల మీద గెంతుతుంటుంది. తెల్లవారుజామున, సాయంత్రం రెండు మెట్ల ఈల వేస్తుంది, ఆ ఈల వినపడిన చోట కదలకుండా కూర్చోవడమే మార్గం.

తోక పిగిలి పిట్ట, అంటే ప్యారడైజ్ ఫ్లైక్యాచర్, కావాలంటే నీడ ఉన్న వాగుల దగ్గరికి పోండి. మగది తెల్లగా, రిబ్బన్ లాంటి పొడుగు తోకతో ఉంటుంది, చిన్నవయసు మగవి, ఆడవి ఇటుకరంగులో ఉంటాయి, వాటిని వేరే పిట్ట అనుకోకండి. వటవర్లపల్లి దగ్గర మల్లెలతీర్థం అలాంటి చోటే, ఆదివారం మాత్రం జనం ఎక్కువ, పనిదినం పొద్దున్నే పోండి. కృష్ణ ఒడ్డున నీటికాకులు, లకుముకి పిట్టలు, బండల మీద మొసళ్లు, చలికాలంలో చేపలు పట్టే ఆస్ప్రే గద్ద. ఆకాశంలో గుండ్రంగా తిరుగుతూ మూడు ముక్కల ఈల వేసేది పాముల గద్ద. ఎండ ఎక్కి పిట్టలన్నీ సద్దుమణిగాక, తొమ్మిదిన్నర పదింటికి, గద్దల సమయం మొదలవుతుంది.

కలివికోడి ఇక్కడ కనిపిస్తుందా అని అడిగేవాళ్లున్నారు. దాని చోటు ఇది కాదు, కడప జిల్లా లంకమల. 1900 తర్వాత కనపడక అంతరించిందనుకున్న ఆ పిట్ట 1986లో మళ్లీ దొరికింది అక్కడే.

మీరు చూడకుండా దాటిపోయేవి

నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో ఒక సాలెపురుగు ఉంది, గుత్తి టరాంటులా అంటారు, లోహపు నీలం రంగు, కాళ్ల మీద పసుపు మచ్చలు. గుత్తి రైల్వే స్టేషన్ దగ్గర దొరికిన ఒక్కదాన్ని చూసి 1899లో దానికి శాస్త్రీయ నామం పెట్టారు గానీ దాని అసలు ఇల్లు ఈ అడవే. మన దేశం బయట ఇంకెక్కడా అడవిలో లేదు. అంతరించే ప్రమాదం బాగా ఉన్న జీవుల జాబితాలో పులికంటే పై మెట్టులో ఉంది. పెద్ద చెట్ల తొర్రల్లో ఉంటుంది, రాత్రి బయటికి వస్తుంది. దాన్ని వెతకడానికి మాత్రం పోకండి, పెంపుడు జంతువుల వ్యాపారం కోసం దొంగిలించేవాళ్లతోనే దానికి చావొచ్చిపడింది, తొర్రలు కెలకడం మంచిది కాదు. ఉందని తెలిసి పచ్చర్లలో తిరగడం వేరు, అంతే.

బట్టలు, జాగ్రత్తలు

ఆకుపచ్చ, ఖాకీ, మట్టిరంగు, ఏదైనా పర్వాలేదు, తెలుపు, ఎరుపు వద్దు. సెంటు వద్దు. మిలిటరీ డిజైన్ ప్యాంటు కూడా అవసరం లేదు, ఫొటోలకి తప్ప దేనికీ పనికిరాదు. బూట్లు తప్పనిసరి, చెప్పులతో గడ్డిలోకి దిగొద్దు, రక్తపింజరలు ఉన్న అడవి. వానలు తగ్గిన కొత్తలో పిడుదులు పట్టుకుంటాయి, ప్యాంటు అంచుల్ని సాక్సుల్లోకి దోపుకోండి. మనిషికి రెండు లీటర్ల నీళ్లు, స్టీలు సీసాలో. ప్లాస్టిక్ కవర్లు, గ్లాసులు లోపలికి తీసుకుపోకండి, తీసుకుపోయినవి వెనక్కి తేవాల్సిందే. సిగరెట్, బీడీ అసలే వద్దు, మార్చిలో ఈ అడవికి ఒక్క నిప్పురవ్వ చాలు.

అడవిలో నాకు భయమేసే జంతువు ఎలుగుబంటి. పులి మనిషిని చూసి తప్పుకుంటుంది. ఎలుగుబంటికి చూపు తక్కువ, తలొంచుకుని పుట్ట తవ్వుతూ ఉంటుంది, మీరు దగ్గరికి వచ్చేదాకా గమనించదు, గమనించగానే మీద పడుతుంది. అనుమతి ఉన్న బాటల్లో గైడ్‌తో నడిచేటప్పుడు మలుపుల దగ్గర మాట్లాడుకుంటూ పోండి, మీరు వస్తున్నట్టు తెలిస్తే అదే పక్కకి పోతుంది. ఎదురుపడితే పరుగెత్తొద్దు, దాని వైపే చూస్తూ వెనక్కి అడుగులు వేయండి. పిల్లలు వీపు మీద ఉన్న ఎలుగుబంటి కనపడితే జీపులో ఉన్నా సరే దూరం పాటించమని డ్రైవర్‌కి చెప్పండి. గైడ్ లేకుండా, పర్మిట్ లేకుండా కోర్ ఏరియాలోకి నడిచి పోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. యూట్యూబ్‌లో ఎవరో పోయారని మీరు పోకండి.

సొంత కారులో పోయేవాళ్లకి: మన్ననూరు, దోమలపెంట గేట్లు, దోర్నాల, శిఖరం గేట్లు రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసి ఉంటాయి. ఎనిమిదిన్నరకి గేటు దాటి హడావిడిగా తోలేవాళ్ల కింద పడే ముళ్లపందులు, పునుగుపిల్లులు, పాములు ఎన్నో. చీకటి పడకముందే దాటేయండి, లేదా ఇవతలే పడుకోండి. పొద్దున ఆరింటికి గేటు తీయగానే మొదటి కారు మీదైతే, నలభై దాటకుండా అద్దాలు దించి పోతే, సఫారీ టికెట్ లేకుండానే కణితిని, ముంగిసల్ని, అడవికోళ్లని చూడొచ్చు. కోతులకి అరటిపళ్లు వేయకండి. తిండి కోసం రోడ్డుకి అలవాటు పడి బండ్ల కింద పడుతున్నాయి. మధ్యలో పెట్రోల్ బంకు ఉంటుందని నమ్ముకోకుండా అచ్చంపేటలోనో దోర్నాలలోనో ఆత్మకూరులోనో ట్యాంకు నింపుకోండి.

పులి నిజంగా కనపడితే ఫొటో పెట్టుకోండి, ఏ మలుపు, ఏ కుంట అన్నది మాత్రం ఆ రోజే పోస్టు చేయకండి. మర్నాటికి అక్కడ పది బండ్లు ఉంటాయి, వాటిలో ఒకటి ఎవరిదో చెప్పలేం. చూసిన పిట్టల జాబితా మాత్రం ఈబర్డ్‌లో (ఎవరైనా చూసిన పిట్టల్ని నమోదు చేసే వెబ్‌సైట్) ఎక్కించండి, తడోబాతో పోలిస్తే నల్లమల నుంచి వచ్చే లిస్టులు తక్కువ, మీరు రాసిన ఇరవై పేర్లు కూడా పనికొస్తాయి.

బైర్లూటి వెళ్లినవాళ్లు తిరుగు ప్రయాణంలో ఇంకో పూట మిగుల్చుకుంటే నందికొట్కూరు దగ్గర రోళ్లపాడు ఉంది. 1988లో బట్టమేక పిట్ట, అంటే గ్రేట్ ఇండియన్ బస్టర్డ్, కోసం పెట్టిన అభయారణ్యం. బట్టమేక పిట్ట కోసం పోతే నిరాశే, కొన్నేళ్లుగా అక్కడ కనపడటం లేదు. అయినా చెట్లే లేని గడ్డి నేల, కృష్ణజింకల మందలు, తోడేళ్లు ఉన్న చోటు, నల్లమల చూశాక పూర్తిగా వేరే లోకం. డిసెంబరు, జనవరి నెలల్లో సాయంత్రం ఐదింటికల్లా అక్కడుండండి, పిల్లిగద్దలు రాత్రి బసకి గడ్డిలోకి దిగే సమయం అది. ఎండ మనకి వెనక పడేలా తూర్పు ముఖంగా నిలబడండి, లేకపోతే అన్నీ నీడల్లా కనపడి మగదేదో ఆడదేదో పోల్చుకోలేరు.